శుద్ధి, స్వస్థత, సంపూర్ణత



నూరు సంవత్సరముల దేవుని కృపను జ్ఞాపకము చేసికొనుచున్న ఈ సమయమున ఒక పాత ప్రశ్నను మీ ముందు ఉంచగోరుచున్నాను. రోగము పోయినంత మాత్రమున మనుష్యుడు బాగుపడినట్లేనా? లూకా సువార్త 17వ అధ్యాయమును, మన దేశములో జరిగిన కుష్ఠరోగ సేవ చరిత్రను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో దీనికి జవాబు దొరకును.

సమరయ గలిలయల నడుమ ఒక గ్రామమున పదిమంది కుష్ఠరోగులు యేసు ప్రభువునకు ఎదురైరి. వారిలో ఒకడు సమరయుడు. యూదులు సమరయులతో సాంగత్యము చేయని దినములవి. ఆరోగ్యము వేరు చేసినవారిని రోగము కలిపినది! లేవీయకాండము 13వ అధ్యాయము ప్రకారము పాళెము వెలుపల నివసింపవలసిన వారికి తోటి రోగులే బంధువులు.

పదిమందియు శుద్ధులైరి; తిరిగి వచ్చినవాడు ఒక్కడే. గ్రీకు మూలములో లూకా ఇక్కడ మూడు వేర్వేరు క్రియలను వాడెను. పదిమందికి కలిగినది శుద్ధి. ఆ ఒక్కడు తన దేహమును చూచుకొని గ్రహించినది స్వస్థత. అతని విశ్వాసమును గూర్చి ప్రభువు పలికిన మూడవ మాట 'సోజో' అనునది. రక్షించుట, సంపూర్ణముగా బాగుచేయుట అను రెండర్థములు దానికి కలవు. ఇదే సువార్త 7వ అధ్యాయములో, పరిసయ్యుని ఇంట కన్నీళ్లతో తన పాదములు తడిపిన స్త్రీతో ప్రభువు చెప్పినదియు ఇదే మాట. ఆమె రోగియని లూకా చెప్పలేదు. ఆమె పొందినది పాపక్షమాపణ. బాగుపడిన కుష్ఠరోగికిని క్షమింపబడిన స్త్రీకిని ప్రభువు ఒకే మాట వాడెను. దేహము నయమగుట దానిలో ఒక భాగము మాత్రమే. దేవునితోను తోటి మనుష్యులతోను తెగిన సంబంధము తిరిగి కలియుటయే సంపూర్ణత.

కనికరము నడచిన దారి

నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కుష్ఠరోగ క్రిమిని కనుగొనెను గాని, దానిని చంపు మందు చాలకాలము వరకు రాలేదు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వము చేసిన కుష్ఠరోగుల చట్టము, బిచ్చమెత్తు రోగిని వారంటు లేకయే పట్టుకొనుటకు పోలీసులకు అధికారమిచ్చినది. అట్టి కాలములో వెస్లియన్ మెథడిస్టు మిషనరీ వైద్యురాలు, స్కాట్లండు దేశస్థురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజాము రాజ్యములోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రిని ఆరంభించిరి. దానికి పెద్ద విరాళమిచ్చినవాడు నర్సాగౌడ్ అను హిందువు. కృతజ్ఞతతో తిరిగి వచ్చినవాడు సమరయుడే యని వ్రాసిన లూకా, ఈ దాతను చూచి ఆశ్చర్యపడి యుండడు.

1982 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స వలన ఈ రోగము పూర్తిగా నయమగుచున్నది. అయినను ఆ 1898 చట్టము మన దేశములో రద్దయినది 2016లో! కుష్ఠరోగమును విడాకులకు కారణముగా చూపు నిబంధనను పార్లమెంటు తొలగించినది 2019లో! మందు దేహమును శుద్ధి చేసిన తరువాత కూడ ముప్పదియేండ్లకు పైగా చట్టము ఆ మనుష్యుని పాళెము వెలుపలనే నిలిపినది. బిళ్లలు చేయగలది శుద్ధి. లోపలికి పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనునది కనికరము.

క్షమాపణ మోసిన భారము

ఒడిశాలోని బారిపదలో కుష్ఠరోగుల ఆశ్రమము నడుపుచుండిన గ్రాహం స్టెయిన్స్ 1965లో ఆస్ట్రేలియానుండి మన దేశమునకు వచ్చెను. 1999 జనవరి 22వ తేదీ రాత్రి కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామములో, తమ వాహనములో నిద్రించుచుండిన ఆయనను, పదేండ్ల ఫిలిప్‌ను, ఆరేండ్ల తిమోతిని ఒక మూక సజీవ దహనము చేసినది. బారిపదలో ఆయన భార్య గ్లాడిస్, కుమార్తె ఎస్తేరు మిగిలిరి.

ఆ హంతకులను క్షమించితినని గ్లాడిస్ బహిరంగముగా చెప్పెను. క్షమాపణయనగా శిక్ష వలదనుట కాదు. నేరమునకు శిక్ష విధించుట న్యాయస్థానముల పని. 2011లో సుప్రీంకోర్టు ముఖ్య నిందితునికి యావజ్జీవ శిక్షను ఖాయపరచినది. ఆమె విడిచినది ద్వేషమును. క్షమించుటవలన భర్తయు బిడ్డలును తిరిగి రాలేదు. అయినను ఆమె వెంటనే స్వదేశమునకు వెళ్లిపోలేదు. భర్త విడిచిన కుష్ఠరోగుల మధ్యనే 2004 వరకు నిలిచి సేవచేసెను. 2005లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చినది. గాయపడినవారు ఇతరుల గాయములు కట్టుట ఆపకుండుటయే క్షమాపణకు సాక్ష్యము.

మన సంఘములకు

ఈ చరిత్ర మనలను ఏమి అడుగుచున్నది? పొలము గట్టు తగాదాతో పదేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు, ఒకే ప్రభుభోజనపు బల్లయొద్ద మోకరించి వేర్వేరు ద్వారముల గుండ ఇండ్లకు పోవుచున్నారు. కులాంతర వివాహము చేసికొనిన కుమార్తె పేరు ఇంటిలో ఎత్తని తండ్రులు ఉన్నారు. అన్ని ఆరాధనలకు తప్పక వచ్చు మనము శుద్ధులమైన ఆ తొమ్మండుగురి వరుసలో నిలిచియుండలేదా? వారును ప్రభువు మాటకు లోబడి యాజకులయొద్దకు పోయినవారే. వారియందు లోపించినది విధేయత కాదు, వెనుకకు తిరుగుట.

ప్రియులారా, శతవత్సర కానుకగా మనము గోపురమునకు రంగు వేయవచ్చును, కొత్త గంట కట్టవచ్చును. దానికి ముందు ప్రతి కుటుంబమును ఒక్క గడపకు తిరిగి వెళ్లవలెను. ఎవరిని వెలుపల నిలిపితిమో వారిని లోపలికి పిలువవలెను. ఎవరు మనలను గాయపరచిరో వారిని ప్రభువు పేరట విడిచిపెట్టవలెను. మనలను సంపూర్ణులనుగా చేయు దేవుడు మన డయాసిస్‌ను రెండవ నూరేండ్లలోనికి నడిపించును గాక. ఆమేన్.