మచిలీబందరు బట్టలు – లండను వాటాలు

ఒక వ్యాపార సంఘమునకు వెల కట్టువారు దాని గిడ్డంగిలోని సరకును మాత్రమే చూడరు. లాభము ఏ దారిని వచ్చుచున్నదో విచారింతురు. చిరకాలము ఖాతా పుస్తకములతో గడపిన మాకు ఈ సంగతి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చరిత్రలో తేటగా గోచరించినది. తెలుగు మగ్గములకును ఆ చరిత్రకును సంబంధము కలదు.

1602లో ఏర్పడిన డచ్చి కంపెనీ సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనమును సేకరించి, దానిని వ్యాపారమునందే నిలిపి యుంచెను. సొమ్ము కావలసినవాడు తన వాటాను ఆంస్టర్‌డాములో మరియొకనికి అమ్ముకొనవలసినదే. ఇంగ్లీషువారి తొలి పద్ధతి వేరు. ఒక్కొక్క యాత్రకు వేరుగా చందాలు వేసికొని, ఓడ తిరిగివచ్చి సరకు అమ్ముడైన పిదప అసలును లాభమును పంచుకొని లెక్క మూసివేసెడివారు. 1611లో మచిలీబందరు చేరిన గ్లోబు ఓడ అట్టి యాత్రలలో ఏడవది. నేతగాండ్రకు బయానా ఇచ్చి, బట్ట నేయించి, అద్దకము చేయించి, అనుకూలమైన గాలికై వేచియుండు వర్తకమది. ఓడతో ముగియు లెక్కకు అంత ఓపిక యెక్కడిది? తరువాత కొన్నేండ్ల కొకమారు మూలధనము కూర్చుకొనిరి. 1657లో అది శాశ్వతమైన పిమ్మటనే రాబోవు యాత్రల ఆశకు కూడ వెల ఏర్పడినది.

1765లో బెంగాలు దివానీ చేజిక్కుటతో వర్తకుడు శిస్తుదారుడయ్యెను. మరుసటి యేడు నిజాముతో చేసికొన్న సంధివలన, గుంటూరు తప్ప, ఉత్తర సర్కారులును దక్కెను. బెంగాలులో రైతు కట్టిన శిస్తుతోనే బట్ట కొని లండనుకు పంపసాగిరి. ఇంటినుండి వెండి తేనక్కరలేని ఈ వర్తకమును చూచి వాటాదారులు పరవశులైరి. 1766లో డివిడెండు 6 నుండి 10 శాతమునకు పెరిగెను. నూరు పౌనుల స్టాకు 1769 నాటికి 270 పౌనులు దాటెను.

అయితే శిస్తు వెనుక సైన్యముండవలెను, సైన్యమునకు ఖర్చుండును. వాటాదారులు ఈ పద్దును మరచిరి. 1769 మార్చిలో హైదరాలీ సేన మా చెన్నపట్టణపు పరంగికొండ దాక వచ్చెను. హైదరాలీతో యుద్ధపు వార్తలు లండను చేరగానే స్టాకు ధర పడిపోయెను. ఆ కొండ మెట్లెక్కినపుడెల్ల మాకిది జ్ఞప్తికి వచ్చును.

1770లో బెంగాలు ఘోరమైన కఱవు పాలయ్యెను. అయినను మరుసటి యేట డివిడెండును 12½ శాతమునకు చేర్చిరి! గుమాస్తాగిరి చేసినవారెవరికైనను ఈ పద్దు చదువగా చేయి వణకును. 1772లో కంపెనీ చేత సొమ్ము లేక ప్రభుత్వమును యాచించెను. 1773లో 14 లక్షల పౌనుల అప్పు దొరకినది. డివిడెండు తిరిగి 6 శాతమునకే దిగినది.