మోట మోకు నుండి మంచు పలక వరకు

కోరుట్ల దగ్గరి పల్లె నుండి వచ్చి జగిత్యాలలో నా వద్ద భౌతికశాస్త్రము చదువుకొన్న విద్యార్థి యొకడు ఇప్పుడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. శీతకాలమున ఒకనాటి రాత్రి అతడు టెలిఫోనులో పిలిచి, "సార్, వించ్ తాడు మూడోసారి తెగింది. పదిహేను వందల కిలోలు గుంజుతదని దాని మీద రాసి ఉన్నది. మంచు పలక వంద కిలోలు గూడ లేదు. మరి ఎందుకు తెగుతున్నది?" అని అడిగెను.

మంచు ఎరుగని మన ప్రాంతమున ఈ ప్రశ్నకు కొంత వివరణ కావలెను. ఆ రాష్ట్రమున శీతకాలమంతయు మంచు కురియును. ఇంటి ముంగిటి బాటను ఎవరిది వారు ఊడ్చుకొనక తప్పదు. అందులకు కొందరు నాలుగు చక్రముల చిన్న పనిబండికి ముందు వంపు తిరిగిన ఉక్కు పలకను కట్టుదురు. బండి ముందుకు పోవుచుండగా పలక మంచును ప్రక్కకు నెట్టును. వెనుకకు వచ్చునపుడు దానిని పైకి లేపవలెను. ఆ లేపు పనిని చేయునది వించ్. అది ఒక చిన్న విద్యుత్ మోటారు, కొన్ని గేర్లు, తాడు చుట్టుకొను ఒక డ్రమ్ము, ఇంతే.

"ఎక్కడ తెగినది?" అని అడిగితిని. "మూడుసార్లూ ఒక్క కాడనే సార్, గిరక దగ్గర." ఆ మాటతో నాకు మా తాత జ్ఞాపకమునకు వచ్చినాడు.

నేను మోట తోలగా చూచినవాడను కాను. నేను పుట్టునాటికే మా బావి మీద విద్యుత్ మోటారు ఉండెను. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు నీరు తరువాత కాకతీయ కాలువ గుండా ఈ ప్రాంతమునకు వచ్చినది, కాలువ అందని చోట మోటారులు వచ్చినవి, మోటలు మూలబడినవి. మా తాత మాత్రము గిరకను పారవేయక దొడ్డిలో దాచినాడు. సాయంకాలము దానిని దగ్గర పెట్టుకొని మోట సంగతులు చెప్పెడివాడు.

బావి గట్టున రెండు నిలువు కొయ్యల నడుమ గిరక ఉండును. దాని మీదుగా పోవు లావు మోకునకు ఒక కొనను బొక్కెన, రెండవ కొనను ఎద్దుల కాడి. బొక్కెన అడుగున తోలు తొండము, దానికి వేరొక సన్నని తాడు. ఎద్దులు వాలుబాటన దిగుచుండగా బొక్కెన పైకి వచ్చును. గట్టు చేరగానే తొండము చాపుకొని నీరు కాలువలోనికి పోవును. ఇందు గిరక బలమును పెంచదు, దిక్కును మాత్రము మార్చును. బలమంతయు వాలులో ఉన్నది. ఎద్దుల జత 700 కిలోలు, వాలు అయిదింట ఒక వంతు అనుకొన్నచో వాని బరువే 140 కిలోల లాగుడునిచ్చును. బొక్కెనలో 150 లీటర్ల నీరున్నచో మిగిలినది ఎద్దుల కండబలము. అదియు చాలనపుడు తోలువాడు మోకు మీద కూర్చుండి తన బరువును కలిపెడివాడు. వాలుబాటను తవ్విన పేరు తెలియని రైతునకు బలముల లెక్క చేతికి తెలిసినదని నా నమ్మకము.

తాత తరచుగా చెప్పిన మాట మోకును గూర్చినది: "మోకు ఒక్క తావునే అరుగుతది బిడ్డా. తెగినంక సూసుడు గాదు, తెగకముందే కొన మలుపాలె." బొక్కెన నిండి నీటిని విడిచి లేచునపుడు కలుగు మొదటి గుంజుడు ప్రతిసారియు మోకులోని ఒకే భాగము గిరక మీద ఉండగా తగులును. కనుక కొన్ని దినములకొకసారి మోకును తలక్రిందులు చేసి కట్టెడివారు. తెగినచో బొక్కెన బావిలో పడుటయే కాదు, ఎద్దులు ముందుకు తూలి కాళ్ళు విరుగవచ్చును.

తాటిని ఇరుసునకు చుట్టి లాగు ఉపాయము మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుపూర్వము 480లో పారశీక చక్రవర్తి జర్క్సీస్ హెలెస్పాంటు జలసంధి మీద పడవల వంతెన కట్టించినపుడు, అవిసెనార తాళ్ళను, పాపిరస్ తాళ్ళను ఒడ్డుననుండి కొయ్య రాట్నములతో బిగించిరని హెరొడోటస్ వ్రాసినాడు. ఆర్కిమిడీస్ సరకులతో, మనుష్యులతో నిండిన ఓడను తాను కూర్చున్నచోటి నుండి ఒక్కడే లాగినాడని ప్లూటార్క్ చెప్పిన కథ మన పాఠ్యపుస్తకములలోనికి కూడ వచ్చినది. కథలో నిజమెంతయైనను సూత్రము నిజము: బలము ఎన్ని రెట్లు పెరుగునో, లాగవలసిన తాడు పొడవు అన్ని రెట్లు పెరుగును.

తాడు విషయమున మాత్రము రెండువేల యేండ్లు పెద్ద మార్పు లేదు. జర్మనీలో హార్జ్ పర్వతముల గనులలో జనపనార తాళ్ళు కుళ్ళిపోవుచుండెను. ఇనుప గొలుసులు కుళ్ళవు గాని, ఒక్క కడియము విరిగినను అంతయు పోవును, ముందు సూచన యుండదు. అక్కడి గనుల అధికారి విల్హెల్మ్ ఆల్బర్ట్ గొలుసులను మాటిమాటికి బరువెక్కించి దించు యంత్రముతో పరీక్షించెను. ఒకసారి మోయగల బరువునే పలుమార్లు మోసిన ఇనుము తుదకు విరుగునని తేలినది. 1837లో ఆయన ప్రకటించిన ఆ ఫలితములను లోహముల అలసటపై మొదటి రచనగా ఎన్నుదురు. అంతకుముందే, 1834లో, క్లౌస్తాల్ గనిలో ఇనుపతీగలను పేని తాడు చేసినాడు. అందులో ఒక తీగ తెగినను మిగిలినవి పట్టియుండును, తెగిన తీగ పైకి పొడుచుకొని వచ్చి హెచ్చరించును. మా తాత చెప్పిన మాట, ఆల్బర్ట్ కొలిచిన మాట ఒకటే.

తాడు ఇరుసును పట్టుకొను తీరు ఇంకొక ముచ్చట. దీనిని చూడదలచినవారు సిరిసిల్లకు పోవచ్చును. అక్కడ సాంచ అని పిలువబడు మరమగ్గములలో పాతరకపు వానికి వెనుక పడుగు బీము కొనను గొలుసో తాడో చుట్టి, బరువు వ్రేలాడదీసియుందురు. బీము తేలికగా తిరిగి పోకుండ, పడుగు బిగువు సడలకుండ ఆ రాపిడియే కాపాడును. ఎన్ని చుట్లకు ఎంత పట్టు అను లెక్కను 18వ శతాబ్దమున ఆయిలర్ సాధించెను. ఘర్షణ గుణకము 0.3 అనుకొందము. ఒక చుట్టుకు పట్టు 6.6 రెట్లు, రెండింటికి 43 రెట్లు, మూడింటికి 285 రెట్లు. చుట్లు కూడిక లెక్కన పెరుగగా పట్టు హెచ్చవేత లెక్కన పెరుగుచున్నది. వించ్ డ్రమ్ము మీద కనీసము అయిదు చుట్లు మిగిల్చియుంచవలెనని తయారీదారులు చెప్పుట ఇందువలననే. తాటి కొనను బిగించిన చిన్న మర బరువు మోయుటకు కాదు. నున్నని కృత్రిమ దారపు తాడైనచో గుణకము 0.1కి దిగవచ్చును. అప్పుడు అయిదు చుట్లకు పట్టు 23 రెట్లే. కనుక ఎనిమిదో పదియో ఉంచుమందురు.

బండ్ల ముందు విద్యుత్ వించ్ వచ్చినది ఇటీవలనే. 1948లో అమెరికాలో మొదలైన వార్న్ సంస్థ 1959లో విహారపు బండ్లకు దీనిని ప్రవేశపెట్టెను. బురదలో దిగబడిన బండిని చెట్టుకు తాడు కట్టి లాగుకొనుటకు ఏర్పడిన యంత్రమిది. పలకను రోజుకు నూరుసార్లు లేపి దించుట దాని పుట్టుపని కాదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

మా విద్యార్థి బిగింపులో తప్పు లేదు. వించ్‌ను ఉక్కు పలక మీద బండి చట్రమునకు బోల్టులతో కట్టినాడు. పూర్తి బరువున మోటారు వంద ఆంపియర్లకు మించి లాగును గనుక లావు రాగితీగలను తిన్నగా బ్యాటరీకి, దాని దగ్గరనే పెట్టిన కాంటాక్టరునకు కలిపినాడు. పిడి దగ్గరి మీటలో కొద్ది విద్యుత్తు మాత్రమే పారును. తప్పు తాటిని వాడిన తీరులో ఉన్నది.

డ్రమ్ము వ్యాసార్థము 2.5 సెంటీమీటర్లు, తాడు మందము 5 మిల్లీమీటర్లు అనుకొందము. మొదటి వరుస తాటి నడిమికి 2.75 సెంటీమీటర్లు, అయిదవ వరుసకు 4.75. మోటారు తిప్పుడు మారదు గనుక మొదటి వరుసలో 1590 కిలోలు లాగు వించ్ అయిదవ వరుసలో 920 మాత్రమే లాగును. పెట్టె మీద వ్రాసిన అంకె మొదటి వరుసది. అతని తాడు దాదాపు అంతయు చుట్టియే యుండుటచే పలకను లేపినది పై వరుస. ఆ మందపు కొత్త ఉక్కుతాడు తెగుటకు రమారమి 1900 కిలోలు కావలెను. మరి తెగుటకు కారణమేమి?

పలక పూర్తిగా లేచినదని మోటారునకు తెలియదు. మీటను అర క్షణము ఎక్కువ నొక్కినను వంద కిలోల పలక కదలని గోడ వంటిదగును. అప్పుడు తాటి మీద పడునది పలక బరువు కాదు, వించ్ శక్తి యంతయు. పైగా ఆ గుంజుడు ప్రతిసారియు రోలరు మీదనున్న అదే జానెడు తాటికి తగులును. క్రేన్లలో డ్రమ్ము వ్యాసము తాటి మందమునకు సుమారు 18 రెట్లుండును. ఇక్కడ పది రెట్లే. ఇంత ఇరుకు వంపున ఒక్కొక్క తీగ అలసి తెగుచు, సగము తీగలు పోయిన నాడు 920 కిలోలే చాలును.

"తాడంతయు విప్పి పొట్టి తాడు కట్టుకొందునా?" అని అతడడిగెను. అదే మందపు తాడైనచో వలదంటిని. ఖాళీ డ్రమ్ము మీద వించ్ 1590 కిలోలు లాగును. తాడు త్వరగా పోవును. దానికి బదులు వంపునకు సులువుగా లొంగు వెడల్పాటి నేత పట్టీ, అంతకు చాల మించిన బలము కలది, డ్రమ్మునకే బోల్టుతో బిగించుమంటిని. పలక పైకి రాగానే విద్యుత్తును ఆపు చిన్న స్విచ్చి కూడ పెట్టుమంటిని. అంతవరకు తీగ పొడుచుకొని వచ్చినదా అని చేతితొడుగుతో తడిమి చూడక తాటిని నమ్మవద్దని, బిగిసిన తాటికి ఎదురుగా ఎవరిని నిలువనీయవద్దని హెచ్చరించితిని. తెగిన ఉక్కుతాడు కొరడావలె వెనుకకు వచ్చును.

అతడు పట్టీ బిగించుకొన్నాడు. ఆ శీతకాలము ముగియువరకు అది తెగలేదు. అయినను నడుమ ఒకసారి విప్పి కొన మలిపినాడట. ఉక్కుతాటిని చుట్టగా చుట్టి బండి పెట్టెలో ఉంచినాడు, బండి మంచులో దిగబడినపుడు లాగుకొనుటకు.