లెక్కకు రాని పిల్లలు

సూరతు పేరు చెప్పగానే చరిత్ర చదివినవారికి తపతీ నది ముఖద్వారమూ, మొగలాయీల కాలపు రేవూ, మక్కాకు బయలుదేరే యాత్రికుల ఓడలూ, 1613లో ఆంగ్ల వర్తకులు నెలకొల్పుకొన్న కోఠీ జ్ఞప్తికి వస్తాయి. ఈనాటివారికి జరీ పనీ, వజ్రాల సానా గుర్తుకు వస్తాయి. కాని రేవును వెనుకకు విడిచి తూర్పుగా నడిస్తే నేల క్రమంగా ఎత్తుపెరిగి, చెరకు తోటలు తగ్గి, టేకు అడవులు మొదలవుతాయి. మాండ్వీ, మాంగ్రోళ్, ఉమర్‌పాడా, మహువా తాలూకాలూ, 2007లో సూరతు నుండి విడివడి వేరు జిల్లాగా ఏర్పడిన తాపీ ప్రాంతమూ చౌధరీలు, గామీతులు, వసావాలు, ధోడియాలు మొదలైన ఆదివాసులకు నివాసాలు. రేవు చరిత్రను వర్తకుల చిట్టాలు భద్రపరచినవి. ఈ కొండపల్లెల చరిత్రలో ఒక ముఖ్యభాగం మాత్రం అక్కడి పిల్లల రక్తంలో ఉండిపోయినది. దానిని చదవడానికి చాలాకాలం ఎవరూ పూనుకోలేదు.

ఆ వ్యాధిని కొడవలి కణవ్యాధి అంటారు. వాడుకలో సికిల్ సెల్ అనే పేరే ఎక్కువ. ఆరోగ్యవంతుని ఎర్రకణం గుండ్రంగా, మెత్తగా ఉండి, ఎంత సన్నని రక్తనాళంలోనైనా వంగి దూరిపోతుంది. ఈ వ్యాధిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు కణం గట్టిపడి కొడవలివలె వంకర తిరుగుతుంది. అటువంటి కణాలు నాళాలను అడ్డగిస్తే ఎముకలలోనూ కీళ్ళలోనూ భరింపరాని నొప్పి పుడుతుంది. అవి త్వరగా నశించడంచేత రక్తం పలుచనవుతుంది. ప్లీహం చిన్నతనంలోనే దెబ్బతినడంచేత సామాన్యమైన అంటురోగమే ప్రాణాంతకమవుతుంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటిగా రెండు లోపాలు కలిసిన బిడ్డకే ఈ వ్యాధి వస్తుంది. ఒక్కటే వచ్చినవారు వాహకులు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే బ్రతుకుతారు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి రావడానికి నాలుగింట ఒక పాలు అవకాశం ఉన్నది.

వైద్యశాస్త్రానికి ఈ వ్యాధి మొదట కనిపించినది ఆఫ్రికాలో కాదు, అమెరికాలో. గ్రెనడా ద్వీపం నుండి దంతవైద్యం చదువుకోవడానికి వెళ్ళిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే యువకుడు 1904లో షికాగోలోని ఒక ఆసుపత్రిలో చేరినాడు. అతని రక్తంలో కనిపించిన వింత కణాలను గురించి జేమ్స్ హెరిక్ 1910లో ప్రకటించినాడు. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు ఈ లోపం హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని నిరూపించినారు. అదే సంవత్సరం జేమ్స్ నీల్ వంశానుక్రమ సూత్రాన్ని స్పష్టం చేసినాడు. తరువాత వెర్నన్ ఇంగ్రామ్, అణువులో ఒకానొక చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ చేరడమే ఇంత అనర్థానికి మూలమని 1957 నాటికి తేల్చినాడు. ఒక వ్యాధిని అణువుదాకా వెంబడించి పట్టుకోవడం వైద్యచరిత్రలో అదే మొదటిసారి.

అయితే పరిశోధనాలయంలో ఇంత వెలుగు పడుతున్న సమయంలోనే ఆఫ్రికా ఒక చిక్కు ప్రశ్నగా నిలిచినది. అక్కడ కొన్ని తెగలలో నూటికి ఇరవైమందిని మించి వాహకులు ఉన్నారు. అంతమంది వాహకులు ఉన్నచోట రోగులు కూడా విస్తారంగా ఉండాలి. కాని ఆసుపత్రులలో రోగులు అరుదుగా కనబడినారు. ఆఫ్రికావాసులలో ఈ లోపం అంతగా బాధింపదనీ, అమెరికాలో జాతులు కలియడంవలననే ఉగ్రరూపం దాల్చినదనీ ఊహించినవారు కూడా ఉన్నారు.

సమాధానం జాతిలో లేదు, వయస్సులో ఉన్నది. నేడు కిన్షాసా అని పిలువబడే లియోపోల్డ్‌విల్‌లో లాంబొట్ లెగ్రాన్ అనే ఇంటిపేరు గల ఇద్దరు వైద్యులు 1950 తరువాతి సంవత్సరాలలో పెద్దలను విడిచి పసిపిల్లలను పరీక్షించినారు. వ్యాధి ఉండవలసినంతగా ఉన్నదనీ, రోగులు పెద్దవారు కాకముందే చనిపోతున్నారనీ వారి పరిశీలన వెల్లడించినది. ఆసుపత్రి గడప తొక్కనివారు ఆసుపత్రి లెక్కలలోకి రారు. లెక్కలో లేనివారిని లోకంలోనే లేనివారుగా భావించడం పండితుల పొరపాటు. ఇంత ప్రాణనష్టం జరుగుతున్నా లోపం నశింపక నిలవడానికి కారణాన్ని 1954లో ఆంటనీ ఆలిసన్ చెప్పినాడు: వాహకులైన పిల్లలకు చలిజ్వరపు మృత్యువు నుండి కొంత రక్షణ ఉన్నది. ఒక బిడ్డను కాపాడిన గుణమే మరొక బిడ్డను బలిగొన్నది.

తల్లులకు ఈ సంగతి పండితులకంటె ముందే తెలుసు. తెలిసిన రూపం వేరు. నైజీరియాలో ఇగ్బోలు ఓగ్బాంజే అనీ, యోరుబాలు అబికూ అనీ, పుట్టి పోయి మరల పుట్టే బిడ్డలను గురించి చెప్పుకొనేవారు. ఆ నమ్మకం వెనుక ఈ వ్యాధి కూడా ఉండవచ్చునని కొందరు పరిశోధకుల అభిప్రాయం. వరుసగా బిడ్డలు పోయిన ఇంట తరువాత పుట్టినవానికి పెంటయ్య అని పేరుపెట్టి మృత్యువు కన్నుగప్పజూచిన తెలుగు తల్లి ఆ దుఃఖాన్ని సులభంగా గ్రహింపగలదు.

భారతదేశంలో ఈ లక్షణాన్ని 1952లో రెండుచోట్ల గుర్తించినారు. నీలగిరుల ఆదివాసులలో లేమాన్, కట్‌బుష్ అనే పరిశోధకులూ, అస్సాము తేయాకు తోటల కూలీలలో డన్‌లప్, మజుందార్ అనేవారూ దీనిని కనుగొన్నారు. గుజరాతు ఆదివాసులలో రక్తవర్గాలనూ, హీమోగ్లోబిన్ భేదాలనూ పరీక్షించిన వ్యాస్, భాటియా, సంఘ్వీ మొదలైనవారి అధ్యయనం 1962లో వెలువడినది. సూరతుకు ఆఫ్రికా తీరంతో వందల యేండ్ల నౌకావ్యాపారం ఉండడంవలన, ఈ లోపం ఓడలపై దిగుమతి అయినదని ఎవరికైనా తోచవచ్చు. కాని సూరతు కొండలలో కనిపించేది ప్రధానంగా అరబ్బు-భారతీయ రకం. లోపానికి ఇరుప్రక్కల ఉండే జన్యు గుర్తులు ఆఫ్రికా రకాలకంటె భిన్నమైనవి. 1986లో వెలువడిన ఒక పరిశోధన ఇది ఆసియాలో విడిగా పుట్టినదని సూచించినది. మూలాన్ని గురించిన చర్చ తరువాత కూడా సాగినది. ఏమైనా, ఈ కొండలలో ఇది నిన్న మొన్న వచ్చినది కాదు.

ఈ రకానికి ఒక విశేషం ఉన్నది. గర్భస్థ శిశువులో ఉండే హీమోగ్లోబిన్ పుట్టిన తరువాత సాధారణంగా తగ్గిపోతుంది. ఆ హీమోగ్లోబినే తొలి మాసాలలో శిశువును కాపాడుతున్నదని 1948లో జానెట్ వాట్సన్ ఊహించినది. అరబ్బు-భారతీయ రకం ఉన్నవారిలో అది చాలాకాలం హెచ్చుగానే నిలుస్తుంది. అందుచేత భారతదేశంలో ఈ వ్యాధి సాధువైనదనే అభిప్రాయం వ్యాపించినది. అందులో సత్యం లేకపోలేదు. కాని ఆ అభిప్రాయానికి ఆధారమైనవారు ఎవరు? చాలావరకు పెరిగి పెద్దవారై ఆసుపత్రికి వచ్చినవారు, అనగా బ్రతికినవారు. ఆఫ్రికాలో జరిగిన పొరపాటుకు ఇక్కడ కూడా తావున్నది.

ఆ సందేహం తీరాలంటే పుట్టిననాటి నుండే బిడ్డలను చూడాలి. దక్షిణ గుజరాతు ఆదివాసీ జిల్లాలలో రాష్ట్రప్రభుత్వం 2006లో కొడవలి కణవ్యాధి నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించినది. భారత రెడ్‌క్రాసు గుజరాతు శాఖ, వల్సాడు రక్తదాన కేంద్రం మొదలైన సంస్థలు ఇందులో పాలుపంచుకొన్నవి. పరీక్ష మొదటి మెట్టు చాల సులభమైనది: ఒక రసాయన ద్రవంలో రక్తపు చుక్క కలిపితే, లోపమున్న రక్తం ద్రవాన్ని మసకబారుస్తుంది. అలా తేలినవారి రక్తాన్ని యంత్రంతో మరల పరీక్షించి, వాహకుడా రోగియా అని నిర్ణయిస్తారు. గర్భవతులకు పరీక్ష చేసి, లోపం కనబడితే భర్తను కూడా పిలిపించడం ఈ పద్ధతిలో ఒక భాగం. తరువాత ఈ ప్రాంతంలోనే ఐదువేలకు పైగా నవజాత శిశువులను పరీక్షించి, వ్యాధి ఉన్నవారిని కొన్ని సంవత్సరాలు కనిపెట్టి చూచినారు. ఫలితాలు 2015లో వెలువడినవి. చాలమంది పిల్లలలో వ్యాధి మెల్లగానే నడచినది. కాని కొందరిని తొలి యేండ్లలోనే తీవ్రంగా పట్టుకొన్నది. సాధువైనదన్న మాట సగటుకు సరిపోవచ్చు. తన బిడ్డ ఆ కొందరిలో చేరునో లేదో ఏ తల్లికీ ముందుగా తెలియదు.

ముందుగా తెలిస్తే చేయగలిగినది చాల ఉన్నది. పసిపిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యుమోకోకస్ అంటురోగాలు నూటికి 84 పాళ్ళు తగ్గినవని 1986లో అమెరికాలో రుజువయినది. ఘానాలోని కుమాసీలో 1995లో నవజాత శిశువుల పరీక్ష మొదలైనది. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాలలో 600 మందికి పైగా పిల్లలకు హైడ్రాక్సీయూరియా ఇచ్చి చూడగా నొప్పులు, అంటురోగాలు, రక్తమెక్కించే అవసరం తగ్గినవి, చలిజ్వరం తగ్గినది, మరణాలు కూడా తగ్గినవి. 2019లో అచ్చయిన ఆ ఫలితాలు, పేదదేశాలలో ఈ మందు వాడడం సాధ్యం కాదన్న సంశయాన్ని తొలగించినవి.

అయినా లెక్క ఇంకా సరికాలేదు. 2021లో ప్రపంచంలో ఈ వ్యాధితో సుమారు 5,15,000 మంది బిడ్డలు పుట్టినారనీ, వారిలో నూటికి 75 మందికి పైగా సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనే పుట్టినారనీ ఒక అంచనా. ఆ సంవత్సరం నేరుగా ఈ వ్యాధి ఖాతాలో పడిన మరణాలు 34,400. దీని మూలంగా జరిగిన మరణాలన్నీ కలిపితే 3,76,000. ఈ రెండంకెల నడుమ ఉన్నవారు న్యుమోనియా అనో, జ్వరమనో, మరొకటనో వ్రాయబడి వెళ్ళిపోయినవారు.

లెక్కించడంలోనూ అపాయం లేకపోలేదు. వాహకురాలని తేలిన కన్యను పెండ్లిచూపులలో త్రోసిపుచ్చడం, రోగి అయిన బిడ్డను కన్నందుకు తల్లిని మాత్రమే నిందించడం జరిగితే, పరీక్ష ఉపకారం కాక శిక్ష అవుతుంది. లోపం తల్లిదండ్రులిద్దరి నుండీ వచ్చినదే. కనుక రక్తపరీక్షతోపాటు ఆ ఫలితాన్ని రహస్యంగా, ఓర్పుగా, వారి భాషలో వివరించి చెప్పే మనిషి కూడా అవసరం.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం 17 రాష్ట్రాలలో ఏడుకోట్లమందిని పరీక్షించడానికి సంకల్పించినది. వ్యాధి ఉన్న ఆదిలాబాదు అడవులకూ, విశాఖ మన్యానికీ కూడా సూరతు అనుభవం పనికి వస్తుంది. నోయెల్ రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూచి నూరేండ్లు దాటిన తరువాత మిగిలిన పని అణువును గురించినది కాదు. ఉమర్‌పాడాలోనో కుమాసీలోనో ఈ రోజు పుట్టిన బిడ్డ మడమ నుండి ఒక రక్తపు చుక్క తీసి, ఫలితాన్ని మొదటి జ్వరం రాకముందే తల్లికి చేర్చడం ఆ పని.