ప్రతినాయకుని పక్షము

ఇంట బాలురకు రామాయణము చెప్పునప్పు డొక ప్రశ్న తప్పక వచ్చును. “రావణుఁ డట్లేల చేసెను?” అని వా రడుగుదురు. “వాఁడు రాక్షసుఁడు గనుక” అని మనము బదులు చెప్పుదుము. ఈ బదులుతో బిడ్డ యూరకుండవచ్చును గాని, మన మూరకుండఁ దగదు. పుట్టుకయే పాపమునకుఁ గారణమని యొక్కసారి యొప్పుకొన్నచో, ఆ మాట కథలోనే నిలిచిపోదు, వీథిలోనికి వచ్చును. “వారి జాతియే యంత” యను మాట మన నోట నెంత సులభముగా వెడలునో చదువరు లెఱుఁగుదురు. కావున బాలుని ప్రశ్న చిన్నది గాదు.

ఈ కాలమున దుష్టపాత్రము పక్షము వహించి పాతకథను మరలఁ జెప్పు నవలలు లోకమునం దంతటఁ బ్రచారమునకు వచ్చినవి. 1971లో అమెరికా రచయిత జాన్ గార్డ్‌నర్ ప్రాచీనాంగ్ల వీరకావ్యమందలి గ్రెండెల్ అను భూతము నోటనే దాని కథను జెప్పించెను. 1995లో గ్రెగరీ మగ్వైర్ ‘విక్డ్’ అను నవలలో ఓజ్ దేశపు మంత్రగత్తె జీవితమును బుట్టుక మొదలుకొని వర్ణించెను. ఆమె పచ్చని మేనిఛాయతోఁ బుట్టినది. లోకము మొదట నసహ్యించుకొన్నది యామె చేఁతలను గాదు, ఆ ఛాయను. మన దేశమున 2012లో ఆనంద్ నీలకంఠన్ ఆంగ్లమునఁ బ్రకటించిన ‘అసుర’ రావణుని కథ. వీనిని జూచి కొందఱు, ఇది పాశ్చాత్యులు నేర్పిన వింతపోకడ యని నిందింతురు. మఱికొందఱు, పూర్వులకుఁ దోఁపని సత్యము మాకుఁ దోఁచినదని గర్వింతురు. ఇరువురును బొరపడుచున్నారని మా తలంపు. అందులకు సాక్ష్యము దూరమున లేదు. నెల్లూరు సీమలోనే యున్నది.

పెన్న సముద్రమును జేరుటకుఁ గొంత యెగువ నున్న నెల్లూరు, 13వ శతాబ్దమున మనుమసిద్ధికి రాజధాని. ఆయన యాస్థానకవి తిక్కన, భారతమునఁ బదునైదు పర్వములను దెలిఁగించుటకు ముందు, నిర్వచనోత్తర రామాయణమును రచించి యా రాజున కంకిత మిచ్చెను. వచనము లేక కేవలము పద్యములతో నడచుటచే దాని కా పేరు వచ్చినది. పండితులు తఱచుగా నా విశేషమునే ప్రశంసింతురు. మేము చెప్పఁదలఁచినది వేఱు. రామకథ యంతయు నుండఁగాఁ దిక్కన యుత్తరకాండమునే యెన్నుకొనెను. ఉత్తరకాండమున మొదటి పెద్దభాగము రాముని కథ గాదు, రావణుని వంశచరిత్రము.

ఆ చరిత్రమును వినఁగోరినవాఁ డెవఁడు? సాక్షాత్తు శ్రీరాముఁడే. పట్టాభిషేకానంతరమున మునులు వచ్చి యింద్రజిత్తు వధను బ్రత్యేకముగాఁ గొనియాడఁగా, వాని మహిమ యెట్టిదని రాముఁ డగస్త్యు నడిగెను. గెలిచినవాఁడు, ఓడినవాని పుట్టుపూర్వోత్తరములను దెలిసికొనఁగోరుట మనము గమనింపఁదగినది. అగస్త్యుఁడు చెప్పిన వృత్తాంత మిది: లంక మొదట మాల్యవంతుఁడు, సుమాలి, మాలి యను రాక్షససోదరులకుఁ జెందిన నగరము. వారు యుద్ధమున నోడి పాతాళమునకుఁ దఱుమఁబడిరి. శూన్యమైన లంక పిదపఁ గుబేరునకు దక్కెను. ఉన్నయూరు గోల్పోయిన సుమాలి తన కూఁతు కైకసిని విశ్రవసుఁ డను మునికడకుఁ బంపెను. ఆమె పెద్దకుమారుఁడే రావణుఁడు. కుబేరుఁడును విశ్రవసుని కుమారుఁడే. ఒకనాఁ డతని వైభవమును జూపి, నీవు నట్టివాఁడవు గమ్మని తల్లి కొడుకును బ్రేరేపించెను. ఓడిన వంశపు కోపము, సవతియన్న సిరిపై నసూయ, తల్లి యాశ, ఈ మూఁడును గలసి రావణుని మనస్సును దీర్చినవి. తండ్రి బ్రాహ్మణుఁడు, తమ్ముఁడు విభీషణుఁడు ధర్మాత్ముఁడు. ఒకే కడుపునఁ బుట్టిన విభీషణుఁ డున్నంతకాలము, “రాక్షసుఁడు గనుక” అను బదులు నిలువదు.

ఇంతవఱకు విన్నచో నిది రావణపక్షమువలెనే తోఁచును. కాని కథ యంతటితో ముగియదు. తపస్సు చేసికొనుచున్న వేదవతిని రావణుఁడు జుట్టు పట్టుకొనఁగా, ఆమె యగ్నిప్రవేశము చేసెను. నలకూబరునికడ కేఁగుచున్న రంభ, తాను గోడలి వరుస దానినని మొఱవెట్టినను వినక యతఁడు బలాత్కరించెను. దిగ్విజయయాత్రలోఁ దన చెల్లెలి మగఁడగు విద్యుజ్జిహ్వునిఁ గూడఁ జంపెను. ఏడ్చుచు వచ్చిన శూర్పణఖ నోదార్చి, ఖరునితో దండకకుఁ బంపెను. మనము పంచవటిలోఁ జూచి నవ్వుకొను శూర్పణఖ, అన్నచేతనే వైధవ్యము పొందిన యాఁడుది. దుష్టుని చరిత్రము పూర్తిగాఁ జెప్పినచో వానిచే బాధపడినవారి గొంతులును వినఁబడును. ఇదియే యుత్తరకాండ నేర్పు పాఠము.

ఈ మండలమువాఁడే యగు కంకంటి పాపరాజు 18వ శతాబ్దమున మరల నుత్తర రామాయణమును రచించి మదనగోపాలస్వామి కంకిత మిచ్చెను. ఒక్క సీమనుండియే యీ కథ రెండుసార్లు తెలుఁగున వెలువడినది. తరువాత 1899లో వేదము వేంకటరాయశాస్త్రి నెల్లూరున ఆంధ్రభాషాభిమాని సమాజమును స్థాపించి నాటకము లాడించెను. ఆయన 1897 నాఁటి ప్రతాపరుద్రీయమునఁ జాకలి పేరిగాని మొదలగు పాత్రములకు వారి వారి మాటనే యుంచెను. ఎవరి నోట వారి మాట యుండవలె నను న్యాయము రంగస్థలమునఁ గుదురుకొన్న పిమ్మట, ప్రతినాయకునకును దన మాట చెప్పుకొను వేళ రాక తప్పదు.

ఆ వేళ త్వరలోనే వచ్చెను. అంతకుమున్నే, మదరాసునఁ గొన్నియేండ్లు నివసించిన మైకేల్ మధుసూదన దత్తు, 1861లో వంగభాషలో మేఘనాదునే నాయకునిగాఁ జేసి కావ్యము రచించి యుండెను. 1920లోఁ ద్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబూకవధ’ నాటకమును వెలువరించెను. ముద్దుకృష్ణ ‘అశోకము’లో రావణుని బ్రేమికునిగాఁ జిత్రించెను. వెండితెరపై నందమూరి తారకరామారావు 1961లో ‘సీతారామ కల్యాణము’న రావణుఁడుగను, 1977లో ‘దానవీరశూరకర్ణ’లో దుర్యోధనుఁడుగను నటించి, యా పాత్రములకు జనుల యాదరమును సంపాదించెను.

వీని నన్నింటిని నొక్క త్రాసున దూఁచుట న్యాయము గాదు. శంబూకుఁడు చేసిన నేరమేమి? తపస్సు. అతనిని దోషిగాఁ జేసినది యతని చేఁత గాదు, పుట్టుకనుబట్టి చేయఁబడిన కట్టడి. అట్టివాని కథను మరలఁ జెప్పుట, తప్పుగా నీయఁబడిన తీర్పును దిద్దుట. రావణుని సంగతి యట్టిది గాదు. అతని పాండిత్యమును, శివభక్తిని, సుమాలి గోల్పోయిన నగరమును మన మెంత చెప్పుకొన్నను, వేదవతి దహనము దహనమే. ఇష్టము లేని స్త్రీని గొనిపోవుటకుఁ బ్రేమయని పేరు పెట్టినచో, మన యిండ్లలోని యాఁడుబిడ్డలకు మన మేమి నేర్పినవార మగుదుము? కారణమును దెలిసికొనుట వేఱు, దోషమును మాఫీ చేయుట వేఱు. ‘అసుర’ నవలయు రావణునితోపాటు భద్రుఁ డను సామాన్యునిచేతఁ గూడఁ గథ చెప్పించినది. రాజు పేరాసకు వెల చెల్లించినవాని గొంతు నందు వినఁబడును. ఆ యేర్పాటు మాకు నచ్చినది.

2015లోఁ గేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ఓల్గా ‘విముక్త’లో ‘సమాగమము’ అను కథ యున్నది. అందు సీత యడవిలో శూర్పణఖను గలిసికొనును. ముక్కుచెవులు గోల్పోయిన యామె, చక్కని తోఁటను బెంచుకొని, తన బ్రదుకును దాను దీర్చిదిద్దుకొన్నది. అచట నొకరి నోడించి యొకరు గెలువరు. పురుషుల పగలో సాధనములైన యిద్దఱు స్త్రీలు మాటలాడుకొందురు; అంతే. ఉత్తరకాండమునఁ గన్నీటితో నిలిచిన శూర్పణఖకు, ఇన్నాళ్ల కొక శ్రోత దొరికినది. ఆ శ్రోత సీతయే యగుట మఱింత తృప్తికరము.

కావునఁ బ్రతినాయకుని నోటి కథ యింటికి వచ్చినప్పుడు తలుపు మూయవలసిన పని లేదు. చదివి ముగించిన పిదప నొక్క ప్రశ్న వేసికొన్నఁ జాలును: వీనిచే నలిగినవా రీ కథలో నోరు విప్పిరా? విప్పినచో నది యుత్తరకాండ చూపిన త్రోవ. లేనిచో వేసము మార్చిన పొగడ్త. ఇఁక మన బాలుఁడు, రావణుఁ డట్లేల చేసెనని మరల నడిగిన నాఁడు, పుట్టుకను జూపి నోరు మూయింపక, సుమాలి కోపమును, కైకసి యాశను, విభీషణుఁడు పట్టిన వేఱుదారిని జెప్పుదము. చెప్పి, వేదవతి కథను విడువక చెప్పుదము.