పద్యములో నిలిచిన ఇరువది అంకెలు

కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ ప్రాంతమున, మహారాష్ట్ర పొలిమేరకు దగ్గరగా డోంగ్లి గ్రామమున్నది. ఇట్టి పల్లెలలో కిలోలు రాకముందు ధాన్యమును కొలపాత్రలతో కొలిచేవారు. తెలుగునాట రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండడ్డలు ఒక కుంచము. సోల నుండి కుంచమునకు మెట్లు నాలుగే. కాని ధాన్యము పదహారు రెట్లయినది.

ఈ రెట్టింపును చదరంగపు బల్లపై సాగించిన ఏమగును? మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గళ్ళు నింపవలెను. మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. గ్రామునకు 40 వడ్లగింజల చొప్పున లెక్కించినచో ఇవి సుమారు 46,000 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతయు పండించు వడ్లు ఐదువందల ఏండ్లకు పైగా కూడబెట్టినగాని ఇంత రాశి కాదు.

డోంగ్లి ఉన్న మంజీర ప్రాంతము 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజ్యములోనిది. ఆ వంశపు రాజు అమోఘవర్షుని కాలమున, 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు సంస్కృతములో గణితసారసంగ్రహమును రచించెను. అందు 24 స్థానముల వరకు సంఖ్యలకు పేర్లున్నవి. దానిని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అది మక్కికి మక్కి అనువాదము కాదు. మల్లన తన లెక్కలను కూడ చేర్చెను.

చదరంగపు మొత్తమును చెప్పు పద్యము పావులూరి గణితములోనిదిగా ప్రసిద్ధము. అందు అంకెలకు బదులు మాటలు కలవు. చంద్రుడు ఒకటి, వేదములు నాలుగు, మన్మథుని శరములు ఐదు, కొండలు ఏడు, ఆకాశము సున్న. మొదటి మాట ఒకట్ల స్థానము. అక్కడి నుండి ఎడమకు సాగవలెను. తాటాకులపై ప్రతులు వ్రాయు కాలమున అంకె ఒకటి తారుమారైనను కనిపెట్టుట కష్టము. పద్యములో మాట మారినచో తరచు గణమో, యతియో తప్పి దోషము బయటపడును. ఛందస్సే సంఖ్యకు కావలి.

గణితము కూడ ఈ సంఖ్యకు కావలి కాయును. 64 గళ్ళ మొత్తము, 65వ గడిలో రాదగిన గింజలకన్న ఒకటి తక్కువ. అనగా 2ను 64 మారులు హెచ్చించి ఒకటి తీసివేయవలెను. అందుచే ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరు సంఖ్యల లబ్ధము. చివరి అంకె 5 గనుక 5చే భాగింపబడును. అంకెలన్నియు కూడిన 87 వచ్చును. 87 మూటిచే భాగింపబడును గనుక సంఖ్యయు భాగింపబడును.

ఆ ఆరింటిలో కడపటిది ప్రధానసంఖ్య యని ఫ్రాన్సు దేశపు ఫెర్మా 17వ శతాబ్దిలో తలచెను. 1732లో ఆయిలర్ అది 641, 6700417 ల లబ్ధమని చూపెను. మల్లన పద్యపు సంఖ్యకు 641 కూడ ఒక భాజకమని అప్పటికిగాని తేలలేదు.

నేటి కంప్యూటరులో, రుణసంఖ్యలను విడిచినచో, 64 బిట్లలో పట్టు మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్య ఇదియే. గింజల లెక్కగా తెలుగువారు కంఠస్థము చేసిన సంఖ్య నేడు యంత్రమునకు హద్దుగా నిలిచినది.