చాటింపూ, బొట్టు పిలుపూ

రాయడం ఒక ఎత్తు, రాసింది నలుగురి కంటా పడేలా చేయడం ఇంకో ఎత్తు. రాయడానికి మనకి కాస్త తీరిక దొరికితే చాలు. మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక, పిల్లలు ఇంటికొచ్చేలోపు ఒక గంట. రెండో పనికి మాత్రం డబ్బు అడుగుతారు. "రోజుకి వంద రూపాయలు పెట్టండి, మీ రాత వేలమందికి చేరుతుంది" అనే మాట సొంత పేజీ పెట్టుకున్న ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. వంద రూపాయలు చాలామందికి లెక్క కాకపోవచ్చు. కానీ ఇంటి ఖర్చులోంచి మిగుల్చుకున్న వంద వేరు. కూరల బండి దగ్గర ఐదు రూపాయలకి బేరమాడే మనం, ఈ వంద ఎక్కడికి పోతుందో అడగకుండా ఇచ్చేస్తామా?

అందుకే ఈసారి కొంచెం చరిత్ర చెప్పుకుందాం. మనకంటే ముందు ఇంటర్నెట్‌లో తమ పేజీకి జనాన్ని రప్పించాలని తంటాలు పడినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు చేసిన వింతలు చూస్తే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది, ఒక్కోసారి కళ్ళు తెరుచుకుంటాయి.

పిలవడంలో మనకి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి చాటింపు. డప్పు కొట్టి వీధి వీధిలో అరిచి చెప్పడం. విన్నవాళ్ళు వింటారు, లేనివాళ్ళు లేరు. రెండోది పేరంటం పిలుపు. ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలి వదినా" అని చెప్పి రావడం. నెట్‌లో ప్రకటనల కథంతా ఈ రెండింటి మధ్యే నడిచిందని నాకు అనిపిస్తుంది.

మొదట వచ్చింది చాటింపే. 1994 అక్టోబరు 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో, ఏటీ అండ్ టీ అనే టెలిఫోను కంపెనీ తరఫున, పేజీ పైభాగాన ఒక రంగుల పట్టీ కనబడింది. దాన్నే బ్యానర్ అన్నారు. నెట్ ప్రకటనల చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా అక్కడినుంచే మొదలుపెడతారు. ఆ పట్టీని చూసినవాళ్ళలో నూటికి 44 మంది దాన్ని నొక్కారని చెబుతారు. ఈ రోజుల్లో అలాంటి లెక్క ఎవరైనా చెబితే నమ్మం. అప్పుడు మాత్రం అది కొత్త. కొత్త కాబట్టి నొక్కారు. కొన్నేళ్ళు గడిచేసరికి ప్రతి పేజీకీ ఒక పట్టీ అతుక్కుంది. నూటికి ఒకరు కూడా నొక్కని రోజులొచ్చాయి. గోడకి కట్టిన క్యాలెండరు మీద బొమ్మని మనం ఎన్నాళ్ళు చూస్తాం? నాలుగు రోజులు. ఆ తరవాత తేదీ ఒక్కటే కనిపిస్తుంది.

అంత డబ్బు పెట్టలేని చిన్నవాళ్ళు ఏం చేశారంటే, ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టారు. 1996లో టోనీ షే, సంజయ్ మదన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు లింక్‌ఎక్స్ఛేంజ్ అని ఒక ఏర్పాటు చేశారు. మీ పేజీలో ఇతరుల పట్టీ రెండుసార్లు చూపిస్తే, మీ పట్టీ ఇంకెక్కడో ఒకసారి చూపిస్తారు. పైసా ఖర్చు లేదు. మరి రెండిస్తే ఒకటే ఎందుకు తిరిగొస్తుంది? మిగిలిన ఆ ఒక్క వంతునీ కంపెనీ పెద్ద వ్యాపారాలకి అమ్ముకుంటుంది. పిండి మరకి ఇచ్చిన గింజల్లో మర యజమాని తన వంతు తీసుకున్నట్టు అన్నమాట. వేలాది చిన్న చిన్న పేజీలు తలా ఒక గుప్పెడు చోటు ఇస్తే, ఆ గుప్పెళ్ళన్నీ కలిపి 1998లో మైక్రోసాఫ్ట్ 26.5 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఆ చోటు ఎవరిదో గుర్తుపెట్టుకోండి. మనలాగా తమ పిల్లి గురించో, తోట గురించో, వంట గురించో రాసుకున్నవాళ్ళది.

ఇందులో ఇంకో లోటు కూడా ఉంది. నా పట్టీ ఎవరి పేజీలో పడుతుందో నాకు తెలీదు. ఊరగాయల గురించి నేను రాస్తే, నా పిలుపు మోటారు సైకిళ్ళ పేజీలో మోగవచ్చు.

దాదాపు అదే కాలంలో ఇంకో పద్ధతి నడిచింది. దాని పేరు వెబ్‌రింగ్. 1995 ప్రాంతంలో సేజ్ వైల్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు దీన్ని ఏర్పాటు చేశాడు. ఒకే విషయం మీద రాసేవాళ్ళు ఒక వలయంలా చేరతారు. ప్రతి పేజీ అడుగునా 'తరవాతి ఇల్లు', 'ముందరి ఇల్లు' అన్నట్టు రెండు లింకులు ఉంటాయి. నొక్కుకుంటూ పోతే చివరికి బయల్దేరిన చోటికే వస్తారు. కుట్లు, అల్లికల వాళ్ళకొక వలయం, పాత సినిమాల వాళ్ళకొక వలయం. ప్రతి వలయాన్నీ ఎవరో ఒకరు చూసుకునేవారు. కొత్తగా చేరాలంటే వాళ్ళు మీ పేజీ చదివి సరేననాలి. ఇదిగో, ఇది బొట్టు పిలుపు. పిలిచేవాళ్ళకి మీరెవరో తెలుసు, వచ్చేవాళ్ళకి ఏం వినబోతున్నారో తెలుసు. తరవాత ఇది చేతులు మారి 1999లో యాహూ చేతికి వెళ్ళింది. 2000లో వాళ్ళు పద్ధతులు మార్చేసరికి, వలయాలు నడుపుతున్నవాళ్ళు చాలామంది విసిగిపోయి వదిలేశారు. పేరంటాన్ని కంపెనీ నడిపితే ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఇక అసలైన వింత ప్రకటన కథకి వద్దాం. ఇంగ్లండులో విల్ట్‌షైర్ ప్రాంతంలోని క్రిక్లేడ్ అనే చిన్న ఊళ్ళో అలెక్స్ ట్యూ అని 21 ఏళ్ళ అబ్బాయి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో చేరబోతున్నాడు. చదువు అప్పు మెడకి చుట్టుకుంటుందని భయం. 2005 ఆగస్టు 26న అతను ఒక పేజీ తెరిచాడు. వెయ్యి అడ్డం, వెయ్యి నిలువు, మొత్తం పది లక్షల చుక్కలు. వాటినే పిక్సెళ్ళు అంటారు. చుక్క ఒక డాలరు. ఒక్క చుక్కలో ఏమీ కనబడదు కాబట్టి వంద చుక్కల గడి కొనాలి, అంటే వంద డాలర్లు. అప్పటి లెక్కలో నాలుగు వేల రూపాయల పైమాటే. అంత పెడితే వచ్చే చోటు తెర మీద ఆవగింజ కంటే కాస్త పెద్దది. అందులో మీ బొమ్మ పెట్టుకోవచ్చు, నొక్కితే మీ పేజీ తెరుచుకుంటుంది. పేరు మిలియన్ డాలర్ హోమ్‌పేజ్.

ఇది నడిచింది. ఎలా నడిచిందో చూడండి, అందులో మనకో పాఠం ఉంది. మొదటి రెండు వారాల్లో కొన్నవాళ్ళు అతని స్నేహితులు, ఇంటివాళ్ళు. వాళ్ళంతా కలిసి 4,700 చుక్కలు కొన్నారు. అలా చేతికొచ్చిన డబ్బులోంచి ఖర్చుపెట్టి పత్రికలకి ప్రకటన పంపాడు. బీబీసీ రాసింది, ఇంకా కొందరు రాశారు. ఆ పైన జనం విరగబడ్డారు. ప్రపంచం మొత్తానికి వినబడిన ఆ డప్పుకి తోలు బిగించింది బొట్టు పెట్టి పిలిచిన అయినవాళ్ళే!

2006 జనవరిలో చివరి వెయ్యి చుక్కల్ని ఈబేలో వేలం వేస్తే 38,100 డాలర్లు పలికాయి. మొత్తం 10,37,100 డాలర్లు. ఊరంతా చేరిన చోటికి దొంగలూ వస్తారు కదా. డబ్బివ్వకపోతే సైటు పడగొడతామని ఎవరో బెదిరించారు, అన్నట్టే పడగొట్టారు. వారం రోజులు తిప్పలు పడ్డాక మళ్ళీ లేచింది. ఆ అబ్బాయి చదువు మధ్యలోనే మానేశాడు. 2012లో కామ్ అనే ధ్యానం యాప్ మొదలుపెట్టినవాళ్ళలో అతనూ ఒకడు. అమ్మినవాడి కథ సుఖాంతం.

మరి కొన్నవాళ్ళ సంగతి? 2017లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం లైబ్రరీ ఇన్నోవేషన్ ల్యాబ్ వాళ్ళు ఆ పేజీలో ఉన్న 2,816 లింకుల్నీ పరీక్షించారు. 547 అసలు తెరుచుకోలేదు. ఇంకో 489 వేరే చోటికో, పేరు అమ్మకానికి పెట్టిన పేజీకో తీసుకెళ్ళాయి. డబ్బు కట్టి కొనుక్కున్న గుమ్మాల్లో మూడింట ఒక వంతుకి పైగా లోపల మనిషి లేడు. పైగా ఆ పేజీని చూడటానికి వచ్చినవాళ్ళు చూసింది వింతని. పది లక్షల చుక్కలు ఎలా నిండుతున్నాయా అని చూశారు. ఫలానా గడిలోని ఫలానా ఆవిడ ఏం రాసిందా అని రాలేదు. జాతరలో రంగులరాట్నం చూడటానికి వచ్చినవాడు పక్కన గాజుల కొట్టు పేరు గుర్తుపెట్టుకుంటాడా? అతన్ని చూసి అలాంటి పేజీలు ఎంతోమంది పెట్టారు. వింత రెండోసారి వింత కాదు కాబట్టి ఆ సందడి మళ్ళీ రాలేదు.

ఇంతకీ డబ్బిచ్చి చేసే ప్రకటన ఎప్పుడూ దండగేనా? కాదండీ. 2006లో కెనడాలో ర్యాన్ నార్త్ అనే ఆయన ప్రాజెక్ట్ వండర్‌ఫుల్ అని ఒకటి మొదలుపెట్టారు. ఆయన స్వయంగా నెట్‌లో బొమ్మల కథలు వేసుకునే మనిషి. తనలాంటి వాళ్ళకి ఏం కావాలో ఆయనకి తెలుసు. అక్కడ చోటుకి రోజు లెక్కన వేలంపాట. ఎవరి పాట ఎక్కువైతే వాళ్ళ బొమ్మ ఉంటుంది, ఇంకొకరు పెంచితే దిగిపోతుంది. ఎవరూ పాడని చోటైతే సున్నాకి కూడా దొరికేది. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి పేజీలో ఉండాలో కొనేవాళ్ళు ఎంచుకునేవారు, ఎవర్ని ఉంచుకోవాలో ఆ పేజీవాళ్ళు ఎంచుకునేవారు. బొమ్మల కథ గీసేవాళ్ళు బొమ్మల కథ చదివేవాళ్ళ దగ్గరికే వెళ్ళారు. కొద్ది సెంట్లు పెట్టినా నిజంగా చదివేవాళ్ళు దొరికే వీలుండేది. అది పన్నెండేళ్ళు నడిచి 2018లో మూతపడింది. అప్పటికి చదివేవాళ్ళూ, ప్రకటనల డబ్బూ కొన్ని పెద్ద సైట్లకే వెళ్ళిపోయాయి.

మన తెలుగులో ఈ కథ ఇంకోలా నడిచింది. తెలుగు బ్లాగుల తొలి రోజుల్లో ఎవరూ ఎవరికీ డబ్బిచ్చి ప్రకటన వేసుకున్న దాఖలా పెద్దగా కనబడదు. కూడలి, జల్లెడ, హారం, మాలిక అని సంకలినులు ఉండేవి. ఎవరు కొత్తది రాసినా దాని పేరు ఆ వరసలో చేరేది. నిన్న మొదలుపెట్టిన గృహిణి రాతా, పేరున్న రచయిత రాతా ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కన ఉండేవి. ఎంత డబ్బున్నా పైకి ఎక్కే వీల్లేదు, ఇంకో రాత రాయాల్సిందే. లేఖిని లాంటి పనిముట్లు వచ్చి, ఇంగ్లీషు అక్షరాల మీటలతోనే తెలుగు రాయడం వీలయ్యాక, ఎందరో ఆడవాళ్ళు మొదటిసారి తమ పేరుతో రాశారు. వాళ్ళని జనం దగ్గరికి చేర్చింది ఆ వరసే, ఆ పైన ఒకరి రాత కింద ఒకరు రాసిన నాలుగు మాటలే.

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే. ప్రకటన ఎంత వింతగా ఉందన్నది ఒక్కసారికే పనికొస్తుంది, అదీ మొదట చేసినవాడికి. ఆ తరవాత పనిచేసేది మన పేరు ఎవరి పక్కన ఉందన్నదే. వెబ్‌రింగ్ అయినా, ప్రాజెక్ట్ వండర్‌ఫుల్ అయినా, కూడలి అయినా చదివే మనుషుల మధ్య మన పీట వేశాయి. డబ్బు ఇచ్చామా ఇవ్వలేదా అన్నది దాని తరవాతి మాట.

నేనూ ఒక చిన్న పరీక్ష చేశాను. మా అత్తగారి మాగాయ కొలతల మీద రాసిన పాత వ్యాసానికి, ఐదు రోజులు రోజుకి వంద చొప్పున పెట్టాను. చూపుల లెక్క వేలల్లోకి వెళ్ళింది. ఆ వేలల్లో ఎవరూ రెండో వ్యాసం తెరిచిన జాడ లేదు. కొన్నాళ్ళకి, ఎండబెట్టే వంటకాల గురించి రాసే ఒకావిడ తన వ్యాసం మధ్యలో నా వ్యాసానికి లింకు ఇచ్చారు. అక్కడినుంచి వచ్చినవాళ్ళు ముప్ఫై, నలభై మందికి మించరు. వాళ్ళలో ఒకరు మా అత్తగారి లెక్కలో ఉప్పు తక్కువని వాదించారు. ఇంకొకరు వాళ్ళమ్మగారి కొలత రాశారు, అందులో ఆవపిండి బదులు మెంతిపిండి ఎక్కువ. ఒకరు మాత్రం పోయిన తన తల్లి చేతి మాగాయ రుచి ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందని రెండే రెండు లైన్లు రాశారు. ఆ రెండు లైన్ల కోసమే కదా రాస్తాం.

కాబట్టి ఆ వంద రూపాయలు పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. నా రాత ఎవరి పక్కన కనబడుతుంది? అక్కడికి వచ్చేవాళ్ళు చదవడానికి వస్తున్నారా, ఊరికే చూసిపోవడానికి వస్తున్నారా? జవాబు నచ్చితే నిశ్చింతగా పెట్టండి, తప్పేం లేదు. నచ్చకపోతే ఆ డబ్బుతో పిల్లలకి మామిడిపళ్ళు కొనండి.

నేను మాత్రం ఇకనుంచి ప్రతి వ్యాసం చివరా, ఆ వారం నేను చదివి ఇష్టపడిన ఇంకొకావిడ వ్యాసానికి లింకు పెడుతున్నాను. ఎవరూ అడగక్కర్లేదు, బదులు ఇవ్వక్కర్లేదు. మొదటి వంతు, ఉప్పు తక్కువని వాదించినావిడదే. ఆవిడ కూడా సొంతంగా రాస్తారని ఆ వాదనలోనే తెలిసింది. బాగా రాస్తారు, ఉప్పు విషయం మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు.