రెండు దోమల సాక్ష్యము

దిల్‌సుఖ్‌నగరు కూడలి పోటీ పరీక్షల శిక్షణాలయములకు పేరుపొందిన చోటు. అక్కడి దుకాణములో మేమొక సామాన్య విజ్ఞాన పుస్తకమును కొన్నాము. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమకాటు వలన మలేరియా వచ్చునని నిరూపించినాడని అందులో ఉన్నది. ఈ మాటకు ఆధారమేదో అందులో లేదు. ఒకరిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. వెనుక ఒక ప్రసంగములో మేమును ఇదే మాట చెప్పియున్నాము. అందుచేత మూలమును చూడవలసిన బాధ్యత మాపై పడినది.

ఆ మూలము 1897 డిసెంబరు 18నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఉన్నది. ఆ వ్యాసము పేరులోనే రాస్ ఎంత జాగ్రత్తపడినాడో తెలియును. మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని విచిత్రమైన వర్ణకణములను గురించి అని మాత్రమే ఆయన వ్రాసినాడు. ఆగస్టు 20న కోసి చూచిన దోమ పొట్టగోడలో ఆ కణములు కనబడినవి. మరునాటి దోమలో అవి ఇంకను పెద్దవిగా ఉన్నవి. క్రిమి దోమలో పెరుగుచున్నదనుటకు అది గొప్ప సూచన. కాని దోమకాటుతో జ్వరము సోకునని ఆ రెండు దోమలు చెప్పలేదు.

ఆ తరువాతి మెట్టు 1898లో కలకత్తాలో పడినది. పక్షుల మలేరియాలో ఆ క్రిములు దోమ లాలాజల గ్రంథులకు చేరుననియు, కాటుతో ఆరోగ్యముగల పక్షికి సోకుననియు రాస్ అక్కడ చూపినాడు. మానవ మలేరియాకు అనాఫిలిస్ దోమ వాహకమని ఆ సంవత్సరము చివర ఇటలీలో గ్రాసీ, బిగ్నామి, బాస్టియనెల్లి నిరూపించినారు. రాస్‌కు నోబెల్ బహుమతి 1902లో వచ్చినది.

ఒక్క వాక్యము మూడు మెట్లను మ్రింగివేసినది! దానితోపాటు హుసేన్ ఖాన్ అను రోగియు మరుగున పడినాడు. ఆయన రక్తమునే ఆ దోమలు త్రాగినవి. రాస్ స్వీయచరిత్రలో ఆయన పేరున్నది.

ఆధారము చెప్పుట పాండిత్య ప్రకటన కాదు. వినువారు మా మాటను సరిచూచుకొనుటకు తలుపు తెరచి ఉంచుట. ముద్రిత గ్రంథమునకు అధోజ్ఞాపికలున్నవి, రేడియోకు లేవు. అయినను ఎవరు, ఏ పత్రికలో, ఏ సంవత్సరములో చెప్పినారో పలుకుటకు ఒక్క ఊపిరి చాలును.

ఎల్.బి. నగరులో మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో బండి మారినచో బేగంపేట చేరవచ్చును. రాస్ పనిచేసిన ఆ భవనము నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనములో ఉన్నది. పిల్లలను తీసికొని వెళ్లువారు, అక్కడ మలేరియా రహస్యమంతయు తేలిపోయినదని చెప్పవలదు. రెండు దోమలలో ఒక దారి కనబడినదని చెప్పండి. అదియే సత్యము, సికింద్రాబాదు కీర్తికి అది చాలును.